పుట్టింటి స్కేలు

చెక్క రైలు సామాను కోసం ఎవరొచ్చినా మూసల పిన్ని ముందు రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఇంట్లో ఇప్పటికి పట్టాలు ఎన్ని ఉన్నాయి? రైలు ఎక్కడికి వెళ్ళాలంటున్నారు? ఈ రెండింటికీ జవాబు వచ్చేదాకా గుడ్డ కప్పి ఉంచిన వంతెనను గానీ, తాడు లాగితే కొక్కెం పైకి లేచే క్రేనును గానీ చచ్చినా చూపించదు.

"ముందే చూపిస్తే కళ్ళు అక్కడే అతుక్కుపోతాయి," అంటుంది. "తీరా ఇంటికెళ్ళాక వంతెన ఉంటుంది, దాని మీదికి ఎక్కే పట్టా ఉండదు. మెట్లు లేని మేడలాగ."

ఇంకో ఇంజను కావాలని వచ్చినవాళ్ళని మరీ ఏడిపిస్తుంది. పిల్లాడికి చేతులెన్ని అని అడుగుతుంది. రెండంటారు. ఇంట్లో ఇంజన్లెన్ని అంటుంది. నాలుగంటారు. "మరి మిగతా రెండూ కాళ్ళతో తోస్తాడా?" అని, నాలుగు వంపు పట్టాలు పొట్లం కట్టి చేతిలో పెడుతుంది.

దుకాణమంటే వాళ్ళింటి ముందు గదే. ఒక గోడకు కిటికీ, కిటికీ కింద పని బల్ల, బల్లకు ఒక పక్క లేతు మిషను. ఇంకో పక్క ఆవిడ భర్త కూర్చుని పెట్టెలకు రంగులు వేస్తుంటాడు. ఆయన్ని వీధంతా బాబాయి అంటారు. నలభై ఏళ్ళు కొలిమి దగ్గర పనిచేసిన మనిషి. అంత వేడి చూసినందుకేమో, దేనికీ వేడెక్కడు.

పిన్నికి ఆ పేరు రావడానికి కారణం పోత ఇనుము కార్ఖానా. పందొమ్మిదో ఏట అక్కడ చిత్రిక పొట్టు ఊడవడానికి చేరింది. పంపు చక్రాలు, వాల్వులు, కుట్టు మిషను కాళ్ళు అక్కడ పోసేవారు. ఏది పొయ్యాలన్నా ముందు దాని ఆకారం చెక్కతో చెయ్యాలి. అదే మూస. దాన్ని తడి ఇసుకలో అదిమి తీసి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఆవిడ చీపురు పట్టుకుని మూసల మేస్త్రి చేతుల వంకే చూస్తూ నిలబడిపోయేది. ఆయన ఓ రోజు విసుక్కుని, "చూసింది చాల్లే, పట్టుకో," అని ఉలి చేతికిచ్చాడు. మూడేళ్ళు తిరిగేసరికి ఆవిడ చేసినదానికి మళ్ళీ కొలత చూసే అలవాటు కార్ఖానాలో ఎవరికీ లేకుండా పోయింది. అలా ముప్ఫై రెండేళ్ళు. తర్వాత మూసలు కోసే యంత్రాలొచ్చి ఆ గది ఎత్తేశారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆవిడ తెచ్చుకున్నది మేస్త్రి ఇచ్చిపోయిన ఇత్తడి స్కేలు ఒక్కటే. పదకొండేళ్ళుగా ఆ స్కేలుతోనే రైళ్ళు చేస్తోంది.

ఆ సోమవారం సాయంత్రం వచ్చిన కుర్రాడి చొక్కా జేబులో, కలం ఉండాల్సిన చోట వెర్నియర్ కాలిపర్ ఉంది. మెడలో నీళ్ళ పరీక్షశాల కార్డు వేలాడుతోంది. వస్తూనే సంచీలోంచి ఒక పాత పట్టా తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇలాంటివి ఇరవై నాలుగు ఉన్నాయండి, పన్నెండు తిన్ననివి, పన్నెండు వంపువి. మా బావమరిది చిన్నప్పటివి. తిన్నగా ఉన్నది సరిగ్గా ఇరవై సెంటీమీటర్లు. గాడి లోతు మూడు పాయింట్ ఒకటి మిల్లీమీటర్లు."

పిన్నికి ముచ్చటేసింది. అడగకుండా కొలత చెప్పిన మనిషిని చూసి పదకొండేళ్ళయింది.

"పాపా, బాబా?"

"పాపండి. వచ్చే నెలకి మూడు నిండుతాయి."

"ఏం చేర్చాలనుకుంటున్నారు?"

అతను నోటుపుస్తకం తెరిచాడు. అందులో పట్టిక. నిలువుగా సొరంగం, క్రేను, గేటు, స్టేషను, వంతెన. అడ్డంగా పదునైన అంచులు, ఊడి నోట్లోకి వెళ్ళే భాగాలు, రంగు, విరిగితే ఏమవుతుంది. గడిగడికీ మార్కులు. గేటులో వేలు నలుగుతుందని దానికి రెండే వచ్చాయి. క్రేను కొక్కెం కంట్లో గుచ్చుకుంటుందని సున్న.

"సొరంగానికి కూడా తక్కువేశారే?"

"తల ఇరుక్కుంటుందేమోనని."

"అందులో పిల్ల తల ఎలా పడుతుంది బాబూ. పిల్లి అయితే ఇరుక్కుంటుంది."

"మా ఇంట్లో పిల్లి లేదండి."

"మరింకేం, బెంగ తీరిపోయింది."

బాబాయి బ్రష్షు కింద పెట్టి దగ్గాడు. అది నవ్వేనని పిన్నికి తెలుసు.

అన్నింటికంటే ఎక్కువ మార్కులు బ్యాటరీ ఇంజనుకు వచ్చాయి. దాని మూతకు స్క్రూ ఉంటుంది కాబట్టి పాప విప్పలేదు, పైగా తనంతట తనే వెళ్ళి తనే వస్తుంది.

"ఎక్కడికెళ్ళి రావాలి?" పిన్ని తన రెండో ప్రశ్న వేసింది.

అతను పుస్తకం మూసేశాడు. పాత పట్టా అంచును బొటనవేలితో రుద్దాడు. తర్వాత అసలు సంగతి బయటపడింది.

వాళ్ళమ్మకు మోకాలి ఆపరేషనయి పద్దెనిమిది రోజులు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు, నాలుగు రోజులుగా కనపడని నానమ్మ కనపడగానే పాప పరుగెత్తుకెళ్ళి మంచం మీదికి దూకబోయింది. "ముట్టుకోకు" అని ఇతను అరిచాడు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి అరిచేసరికి పిల్ల కొయ్యబారిపోయింది. అంతే, ఆ రోజు నుంచి నానమ్మ గది గడప దాటలేదు. గడప దగ్గరికి వస్తుంది, కూర్చుంటుంది, బొమ్మలన్నీ అక్కడే పరుచుకుంటుంది. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపుతుంది. ఎత్తుకుని తీసుకెళ్తే కాళ్ళు ముడుచుకుని ఏడుస్తుంది.

"డాక్టరుగారు మెల్లిగా అదే పోతుందన్నారండి. కానీ మా అమ్మ రోజంతా ఆ గడప వంకే చూస్తుంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. మొన్న పాపే అంది, రైలు నానమ్మ దగ్గరికి వెళ్ళాలని. వెళ్ళి మళ్ళీ రావాలట. రైలు వెనక్కి నడవదట. అందుకని వెళ్ళేదారి ఒకటి, వచ్చేదారి ఒకటి కావాలి. మధ్యలో మూడు సెంటీమీటర్ల గడప ఉంది."

పిన్ని గుడ్డ కప్పిన వంతెన వైపు చూడనైనా లేదు. "పాప చెయ్యి ఎంత పొడుగు?" అంది.

అంతసేపూ కొలతలు వల్లించిన మనిషి తెల్లమొహం వేశాడు. "తెలీదండి."

"భుజం నుంచి వేళ్ళ చివరిదాకా కొలుచుకు రండి. బ్యాటరీ బండి నేను చెయ్యను. చేత్తో తోసేదే."

మర్నాడు వచ్చి ముప్ఫై తొమ్మిదిన్నర అని చెప్పాడు. నిద్రపోతున్నప్పుడు మూడుసార్లు కొలిచి సగటు తీశాడట.

పిన్ని ఎంచినవి ఇవీ. గడపకు ఇటూ అటూ వేసే రెండు ఏటవాలు చెక్కలు, రెండు దారులూ వాటి మీదుగానే పోయేంత వెడల్పువి. వెళ్ళేదారికి ఇంట్లో ఉన్న పాత పట్టాలు పన్నెండూ సరిపోతాయి. వచ్చేదారికి కొత్తగా పన్నెండు. మలుపులకు పాత వంపులు ఎలాగూ ఉన్నాయి. అంతే. రంగుల సామాను ఒక్కటీ లేదు. అతను తన పట్టిక వంక ఒకసారి బెంగగా చూసుకుని ఒప్పుకున్నాడు. కానీ ఒక్క షరతు.

"కొత్త పట్టాల అతుకుల్లో సందు అస్సలు ఉండకూడదండి. పాతవి చూడండి, ఎలా కదులుతున్నాయో."

చెక్క పట్టాకు ఒక చివర బుడిపె, రెండో చివర ఆ బుడిపె కూర్చునే గుంట ఉంటాయి. పాతదాంట్లో బుడిపె గుంటలో అటూ ఇటూ ఆడుతోంది.

"అది అరగడం కాదు బాబూ. మొదటినుంచీ అంతే చేస్తారు. కాస్త ఊపిరి ఉండాలి."

"సందులో చక్రం తట్టుకుంటే రైలు పడిపోతుంది కదండి. పడిపోతే పాప మళ్ళీ భయపడుతుంది." జేబులోంచి వెర్నియర్ తీసి బల్ల మీద పెట్టాడు. "అర మిల్లీమీటరు లోపల చెయ్యగలరా? కష్టమైతే వద్దులెండి."

కష్టమైతే అన్న మాట లేకపోతే పిన్ని వాదించి ఉండేది. ముప్ఫై రెండేళ్ళ చేతిని పట్టుకుని కష్టమా అని అడిగితే ఎవరు మాత్రం ఊరుకుంటారు. "శనివారం వచ్చి తీసుకెళ్ళండి," అంది.

ఆ నాలుగు రోజులూ ఆవిడ వంటింట్లోకి వెళ్ళడం బాబాయి చూడలేదు. బుడిపె ఒక్కొక్కటీ ఉప్పుకాగితంతో రుద్ది, గుంటలో పెట్టి, తీసి, మళ్ళీ రుద్దింది. శనివారానికి పన్నెండు పట్టాలూ ఒకదానిలో ఒకటి బిగిస్తే కర్ర దూలంలా నిలిచాయి. ఒక చివర పట్టుకుని పైకెత్తితే పక్కకు వంగలేదు. పిన్ని అప్పటికే వెర్నియర్ అని పేరు పెట్టుకున్న ఆ కుర్రాడు వచ్చి అతుకుల్లో గోరు పెట్టి చూశాడు, దూరలేదు. పిన్ని ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఫోను మోగింది.

"పిన్నిగారూ, కలవడం లేదండి."

"ఏం కలవడం లేదు?"

"వచ్చేదారి. వెళ్ళేదారి కంటే దాదాపు రెండున్నర సెంటీమీటర్లు పొడుగొచ్చింది. మలుపు దగ్గర పట్టా పట్టాకు అందడం లేదు. పాప గడప దగ్గర ఇంజను ఒళ్ళో పెట్టుకుని ఏడింటినుంచీ కూర్చుంది. కొలిచానండి. మీ పట్టా ప్రతీదీ ఇరవై పాయింట్ రెండు."

"నా కొలత తప్పదు," అంది పిన్ని.

"తప్పని నేననలేదండి. ఇరవై పాయింట్ రెండని అన్నాను."

ఫోను పెట్టేసి ఆవిడ బల్ల దగ్గరికి విసవిసా వెళ్ళింది. స్కేలు తీసి, అదనంగా మిగిలిన పట్టా మీద పెట్టింది. సరిగ్గా ఇరవై. మళ్ళీ పెట్టింది. ఇరవై.

"చూడు," అని బాబాయి ముందు పడేసింది. "నీళ్ళు కొలిచేవాడు వచ్చి నాకు చెక్క కొలవడం నేర్పుతాడట."

బాబాయి రంగు బ్రష్షు కడుక్కుంటూ స్కేలు వంక చూశాడు. మెల్లిగా అన్నాడు, "అది పుట్టింటి స్కేలు కదే."

పిన్ని అలాగే కుర్చీలో కూలబడింది.

కరిగిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది. నూటికి ఒక వంతు తగ్గుతుంది. అందుకని మూసను ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్క కట్టుకోకుండా, మూసలవాళ్ళ స్కేలు మీద గీతలే కాస్త దూరందూరంగా కొట్టి ఉంటాయి. దాని ఇరవై అసలు ఇరవై కంటే రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. అడిగినదానికంటే కాస్త ఎక్కువే పెట్టి పంపుతుంది కాబట్టి కార్ఖానాలో దాన్ని పుట్టింటి స్కేలు అనేవారు. బొమ్మలు మొదలుపెట్టినప్పుడు పిన్నికి ఆ సంగతి గుర్తుంది. అన్నీ తన పట్టాలే కదా, ఒకదానికొకటి సరిపోతాయిలే అనుకుంది. పదకొండేళ్ళలో ఆ అనుకోవడం కూడా మరిచిపోయింది. చెక్కతో రైళ్ళు చేస్తూ, అవి ఎప్పుడో చల్లారి చిన్నవవుతాయన్నట్టు ఇన్నాళ్ళూ కొలిచింది.

"నా పరువంతా పోయింది," అంది.

"నూటికి ఒక వంతే పోయింది," అన్నాడు బాబాయి. "ఆకురాయి తీసుకుని వెళ్ళు. పిల్ల కూర్చుని ఉందంటున్నారుగా."

వెర్నియర్ ఇల్లు రెండు వీధుల అవతలే. తలుపు తీసింది అతని భార్య. "రండి పిన్నిగారూ. మా ఆయన పొద్దుట్నుంచి ఇల్లంతా కొలిచేశారు. ఇక మిగిలింది నేనే," అని నవ్వుతూ లోపలికి తీసుకెళ్ళింది.

హాలంతా పట్టాలు. గడప పక్కన నీలం గౌనులో ఒక చిన్న మనిషి వీపు కనపడింది. ఒళ్ళో ఇంజను, దాని వెనక పెట్టెలో ఒకే ఒక్క ఎండుద్రాక్ష. గడపకు అవతల మంచం మీద, చాపిన కాలి కింద దిండుతో నానమ్మ. ఆ ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం కూడా లేదు.

"ఈవిడేనా?" అంది నానమ్మ మంచం మీంచే. "రండమ్మా. మావాడు మీ పట్టాలు చూసి నిన్నంతా పొగిడాడు. పెళ్ళిచూపుల్లో వీళ్ళావిణ్ణి చూసి కూడా అంత పొగడలేదు."

"పొగడకపోవడమే మంచిదండి. తప్పు నాది," అని పిన్ని నేల మీద చతికిలబడి స్కేలు కథ ఉన్నదున్నట్టు చెప్పేసింది. చెబుతున్నంతసేపూ తలెత్తలేదు.

వెర్నియర్ స్కేలు చేతిలోకి తీసుకుని వెలుగులో పట్టి చూశాడు. అతని ముఖంలో కోపం లేదు. "లెక్క ముందే గీతల్లో పెట్టేశారన్నమాట. ఎంత తెలివైన పని," అన్నాడు. తర్వాత వేళ్ళ మీద ఏదో లెక్కవేసి, నాలుక కరుచుకున్నాడు. "కానీ పిన్నిగారూ, అతుకులు వదులుగా ఉంటే ఈ రెండున్నర సెంటీమీటర్లూ తెలిసేవే కావు కదా? పట్టా కాస్త పక్కకు వంగి సర్దుకునేది."

"తెలిసేవి కావు."

"బిగించమంది నేనే."

"బిగించింది నేనే."

"అయితే ఇద్దరూ కలిసి వదులు చెయ్యండి," అంది నానమ్మ. "మా స్టేషన్ మాస్టరు ఇంక ఎంతసేపు ఆగుతుంది?"

పిన్ని ఆకురాయి ఒకటి తను పట్టుకుని ఇంకోటి అతనికిచ్చింది. నాలుగు రోజులు రుద్ది చేసిన పనితనాన్ని చేతులారా అరగదీయడం మొదట్లో ప్రాణం ఉసూరుమనిపించింది. మూడో బుడిపె దగ్గరికి వచ్చేసరికి ఆ బాధ పోయింది. అతను ప్రతి నాలుగు రుద్దులకూ వెర్నియర్ పెడుతున్నాడు. ఆవిడ ఆరు పూర్తిచేసేసరికి అతనిది రెండు. భార్య వచ్చి వెర్నియర్ లాక్కుని కొంగున ముడేసుకుంది. ఆ తర్వాత అతని చెయ్యి కూడా సాగింది. పాప మాత్రం మాట్లాడకుండా రాలిన పొట్టును వేలితో పోగుచేసి, పెట్టెలో ఎండుద్రాక్ష కింద పరుపులా వేసింది.

పన్నెండూ వేసి చూశారు. తిన్నగా పోవలసిన వచ్చేదారి హాల్లో ఒక బెత్తెడు పక్కకు వంగి, కుర్చీ కాలిని చుట్టుకుని, మళ్ళీ వచ్చి మలుపులో ఒదిగింది. అతను ఆ వంపు వంక సందేహంగా చూశాడు.

"ఇది వాగు ఉన్న చోటు," అంది పాప. ఆ పొద్దున ఆవిడ గారు నోరు విప్పడం అదే మొదలు. రైలుదారి వంగిందంటే వాగే కారణమని ఆమెకు ఎవరు చెప్పారో తెలీదు.

రైలు బయలుదేరింది. పాప మోకాళ్ళ మీద పాకుతూ గడప దాకా తోసింది. ఏటవాలు చెక్క ఎక్కించింది. గడప మీదికి వచ్చాక బోర్లా పడుకుని చెయ్యి చాపింది. వేళ్ళ చివర్లతో ఒక్క తోపు తోసింది. అవతలి చెక్క ఇవతలిదానికంటే కొంచెం వాలు ఎక్కువ. రైలు జర్రున దిగి, రెండు పట్టాలు దాటి, మంచానికి మూరెడు దూరంలో, ఒక అతుకు దగ్గర ఆగిపోయింది.

పాప చెయ్యి చాపింది. అందలేదు. ఇంకాస్త చాపింది.

"ఉండు, నేను తోస్తా," అని వెర్నియర్ లేవబోయాడు. పిన్ని అతని చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది.

"ముప్ఫై తొమ్మిదిన్నర," అంది గొంతు తగ్గించి. "దిగిన చోట అందకూడదనే కొలిపించాను."

అతను కూర్చుండిపోయాడు. లోపల నానమ్మ కూడా రమ్మని పిలవలేదు. దుప్పటి అంచులో ఏదో దారం పోగు కనపడినట్టు దాన్నే చూస్తూ కూర్చుంది. పాప ఒకసారి వెనక్కి తిరిగి తండ్రి వంక చూసింది. అతను తల ఊపాడు. ఎన్నిసార్లు ఊపాడో అతనికే తెలియదు.

పాప లేచి నిలబడింది. పట్టాలు తొక్కకుండా, ఒక కాలు, తర్వాత రెండో కాలు, గడప దాటింది. రైలు పక్కన గొంతుకూర్చుని దాన్ని మెల్లిగా మంచం దాకా తోసుకెళ్ళింది. ఎండుద్రాక్షకు అంటుకున్న పొట్టు ఊది, పైకెత్తి పట్టుకుంది.

నానమ్మ వంగి అందుకుంది. నోట్లో వేసుకుని నమిలి, మింగి, అప్పుడు అడిగింది. "ఏమండీ స్టేషన్ మాస్టరుగారూ, రైలు ఇంత ఆలస్యమైందేం?"

"పట్టాలు వేస్తున్నారు," అంది పాప.

"వేసేశారా మరి?"

"వేసేశారు." తర్వాత ఆ తెల్ల కట్టు వంక చూసి, ముట్టుకోకుండా, దాని పక్కన దిండు మీద అరచెయ్యి ఆనించింది. "నొప్పా?"

"నువ్వు చెయ్యేసినచోట లేదు," అంది నానమ్మ.

హాల్లో వెర్నియర్ కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నాడు. అతని భార్య కొంగు ముడి విప్పి వెర్నియర్ ఇవ్వబోయి, ఏమనుకుందో, తిరిగి ముడేసింది.

పిన్ని గడప దగ్గరికి జరిగింది. "స్టేషన్ మాస్టరుగారూ, ఇప్పుడు రైలు ఎక్కడికెళ్ళాలి?" అంది.

"ఇంటికి," అంది పాప, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

మలుపు తిప్పి వచ్చేదారి పట్టించింది. ఈసారి పట్టాలు పిన్నివి. వదులు చేసిన ప్రతి అతుకు మీదా చక్రాలు టకటకమన్నాయి. గడప ఎక్కి దిగి, వాగు ఉన్న చోట ఒంగి, టకటకమంటూనే హాల్లోకి వచ్చింది. ఒక్క చక్రం కూడా పట్టాలు దిగలేదు. రైలు వెనకే పాప వచ్చింది. రైలును తిప్పి మళ్ళీ లోపలికే తీసుకెళ్ళింది.

"విన్నావట్రా?" అని కొడుకును పిలిచింది నానమ్మ. "రైలంటే అదీ. పొద్దున్న నువ్వు బిగించి తోసి చూసినప్పుడు చప్పుడే లేదు, సబ్బు జారినట్టు పోయింది."

"వింటున్నానమ్మా," అన్నాడతను. ఇరవై రోజుల తర్వాత తల్లి తనని తిట్టినందుకు అతని మొహం వెలిగిపోతోంది.

పిన్ని ఆకురాళ్ళు సంచీలో వేసుకుంది. ఇత్తడి స్కేలు కోసం చూస్తే అది కనపడలేదు. గదిలోకి తొంగిచూసింది. మంచం పక్కన పట్టాల మధ్య దాన్ని అడ్డంగా పెట్టి, పాప నానమ్మకు వివరిస్తోంది, అది ఇంజను నీళ్ళు తాగే ప్లాట్‌ఫారమట.

"అది ఈవిడదమ్మా, ఇచ్చెయ్యాలి," అన్నాడు తండ్రి.

"ఉండనివ్వండి," అంది పిన్ని చెప్పులేసుకుంటూ. "ఇనుము పొయ్యడం మానేసి పదకొండేళ్ళయింది. రేపు మీ పరీక్షశాలలోంచి ఒక మామూలు స్కేలు తెచ్చివ్వండి, చాలు."